రెండో మనిషి

కళ్ళజోడు తీసేసుకున్నారు కాబట్టి పైకప్పు ఆమెకు ఒట్టి తెలుపు. గోడ మీది గడియారం ఒక గుండ్రటి మరక, ముళ్ళు ఎక్కడున్నాయో తెలియదు, తెలియకపోవడమే నయమనుకుంది. ఊళ్ళో సగం మందికి కళ్ళజోళ్ళు చేసిపెట్టిన మనిషి, తన కళ్ళజోడు ఒక ప్లాస్టిక్ సంచిలో పడి, పైన చీటీ అంటించుకుని, నర్సు చేతిలో తలుపు దాటిపోతుంటే చూస్తూ పడుకుంది. చూడటమంటే, నర్సు ఆకారం నీలంగా కరిగిపోవడాన్ని చూడటమే. ఒంటి మీద వెనకవైపు ముడులు వేసే పల్చటి గౌను, చేతి వెనక గుచ్చి టేపు వేసిన సూది, కాళ్ళకు పిక్కలు పట్టేసే బిగుతు మేజోళ్ళు. తెర అవతల ఎవరో స్టీలు పళ్ళెంలో సామాన్లు సర్దుతున్నారు. కళ్ళు మూసుకుని వింటే ఎవరింట్లోనో చెంచాలు తుడిచి పెడుతున్న చప్పుడే, ఇంకాసేపట్లో ఎవరో భోజనానికి రమ్మని పిలుస్తారేమో అనిపించే చప్పుడు. ఆకలి మాత్రం లేదు. ఆకలి పోయి చాలా కాలమైంది. జబ్బు ముందు ఆకలిని తీసుకుపోయింది, తర్వాత నిద్రను, ఆ తర్వాత చెప్పుల్ని; పాదాలు వాచి పాత చెప్పులేవీ పట్టడం మానేశాయి. ఆకలి ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని అప్పుడప్పుడూ చూస్తుంది. చనిపోయిన భర్త గొంతు గుర్తు తెచ్చుకోబోతే ఆయన అన్న మాటలు వస్తాయి గానీ గొంతు రాదు కదా, అలాగే తిండి పేర్లు వస్తాయి, ఆకలి రాదు.

రెండు తలుపుల అవతల ఆపరేషన్ బల్ల మీద ఉన్నది లిఫ్టుగారు, లిఫ్టులు బాగుచేసే ఆయనకు ఆమె పెట్టుకున్న పేరు అది. వచ్చింది ఒక్క లివరు, పిలిచింది ఇద్దరిని. మొదటి మనిషి ఆయన, రెండో మనిషి తను. క్యాన్సర్ వచ్చిన లివరును మార్చేటప్పుడు ఇలాగే చేస్తారని, పొట్ట తెరిచాక జబ్బు లివరు దాటి బయటికి పాకినట్టు తేలితే ఆ మనిషికి కొత్తది పెట్టినా ప్రయోజనం లేదని, అప్పుడు వచ్చిన లివరు వృథా పోకుండా రెండో మనిషిని వెంటనే బల్ల ఎక్కిస్తారని, ఆస్పత్రి నుంచి ఫోన్లు చేసే అమ్మాయి ఎప్పుడో విడమరిచి చెప్పింది. ఇందాక ఆ అమ్మాయే వచ్చి మంచం పక్కన వంగి, మొదటి పేషెంటుకు పొట్టలో ఒక లింఫు గడ్డ వాచినట్టు కనిపించిందని, అందులోంచి ముక్క తీసి ల్యాబుకు పంపారని, దాన్ని గడ్డకట్టించి, పల్చగా కోసి, మైక్రోస్కోపు కింద చూసి చెప్పడానికి దగ్గర దగ్గర గంట పట్టొచ్చని, అందాకా సిద్ధంగా ఉండమని చెప్పి వెళ్ళింది. పేరు చెప్పలేదు. చెప్పకూడదన్నది వాళ్ళ నియమం. ఆ మొదటి పేషెంటు ఎవరో తనకు తెలుసని ఆ అమ్మాయికి తెలియదు పాపం, అందుకే అంత తేలిగ్గా చెప్పగలిగింది. ఇప్పుడు ఈ గంటంతా ఆమె ఏం కోరుకోవాలి? ఆ ముక్కలో ఏమీ ఉండకూడదు, ఉండకూడదు, ఉండకూడదు అని మనసు అంటోంది, నిజంగానే అంటోంది, అబద్ధం లేదు. కానీ శరీరం ఉంది చూశారూ, అది మనసుని అడిగి పని చేసేది కాదు. పచ్చబడిన ఒళ్ళు, నీరు పట్టిన పొట్ట, గోకీ గోకీ చారలు పడ్డ చేతులు, అవి తలుపు వైపు చెవి పెట్టుకుని పడుకున్నాయి, పిలుపు వస్తుందేమోనని. ఒకే మంచం మీద ఇద్దరు పడుకున్నట్టుంది. ఒకరు ఆయన కోసం, ఒకరు తన కోసం.

ఫోను తెల్లవారుతుండగా వచ్చింది. ఫోన్ల అమ్మాయి గొంతులో కంగారు లేదు, అదే ఎక్కువ కంగారు పెట్టింది. రండి, ఏమీ తినకండి, రెండో మనిషిగా పిలుస్తున్నాం, ఆశ పెట్టుకోండి గానీ మరీ ఎక్కువ పెట్టుకోకండి అంది. ఆశ ఎంత పెట్టుకోవాలో కొలిచి చెప్పే గ్లాసేదైనా ఉంటే బాగుండును. ఫోను పెట్టి దుప్పటి మడత పెడుతుండగా మళ్ళీ మోగింది. ఈసారి ఆయన. “అద్దాలమ్మగారూ, పిలిచేశారు” అన్నాడు, ఏదో ఉద్యోగం వచ్చిన కుర్రాడిలా, నెమ్మదిగా, ఎవరైనా వింటే మళ్ళీ తీసేసుకుంటారేమో అన్నట్టు. అక్కను లేపాడట, బట్టలు సర్దుతోందట, రెండు రోజులకు సరిపడా సర్దవే అంటే సంసారమంతా సంచిలో పెడుతోందట. ఆమెకు వింటుండగానే అర్థమైంది. ఇద్దరిదీ ఒకే రక్తం గ్రూపు, ఇంచుమించు ఒకే ఒడ్డూ పొడుగూ, ఒకే తెల్లవారు జాము. తననూ పిలిచారని చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. చెబితే ఆ గొంతులోని కుర్రాడు ఎటు పోతాడో అని భయమేసింది. జాగ్రత్తగా వెళ్ళి రండి అంది. మీకూ త్వరలోనే వస్తుంది లెండి అని ఆయనే తనను ఓదార్చాడు. ఊఁ అంది. దారిలో కారు నడుపుతూ ఆడపడుచు ఒకటే ప్రశ్నలు, రెండో మనిషంటే ఏమిటి వదినా, రైలు టిక్కెట్ల వెయిటింగు లిస్టులాగానా, మొదటాయన రాకపోతే మనకా, మొదటాయనకు జలుబు చేసినా మనకేనా, అని. ఆమె కిటికీ అద్దానికి తల ఆనించి పడుకుంది. ఆడపడుచు అలా వాగుతూనే ఉంది, భయమేస్తే వాగుతుంది. అన్నయ్య పోయిన రోజున కూడా గ్యాసు సిలిండరు గురించి సాయంత్రం దాకా మాట్లాడింది. ఆ తర్వాత సామానుతో వచ్చేసి, నీకు తోడుంటాను అనకుండా, నా ఇంటి ఓనరుతో పడటం లేదు వదినా అని ఉండిపోయింది.

ఆయన్ని మొదటిసారి చూసింది లివరు క్లినిక్ బయట కుర్చీల్లో. కళ్ళజోడు చెవి దగ్గర నల్ల టేపు చుట్టి ఉంది, ఒక పక్కకు ఒరిగి ముక్కు మీద వేలాడుతోంది. ఆమెకు అలాంటివి చూస్తే చెయ్యి ఆగదు, పెళ్ళిలో పక్కవాళ్ళ చీర కుచ్చిళ్ళు సరిచేసే ఆడవాళ్ళుంటారే, అలాగ. ఒక్కసారి ఇటివ్వండి అని అడిగి, టేపు పీకేసి, చేతిసంచిలో ఎప్పుడూ ఉండే బుల్లి స్క్రూడ్రైవరుతో కీలు బిగించి, కాడ వంచి, ఆయన ముఖానికి తనే తొడిగింది. ఆ తొడగడం అలవాటు కొద్దీ చేసిన పనే. చెవుల వెనక రెండు వేళ్ళూ తగిలాక మాత్రం, ఇది షాపు కాదు కదా అని గుర్తొచ్చింది. ఆయన అటూ ఇటూ చూసి, అమ్మయ్య, ఇన్నాళ్ళూ లోకమే ఒరిగిపోయిందనుకున్నానండీ అన్నాడు. లిఫ్టు మెకానిక్కు. కరెంటు పోయి మనుషులు మధ్యలో ఇరుక్కుంటే పై నుంచి దిగి, ముందు వాళ్ళతో కబుర్లు చెప్పి, ఆ తర్వాత లిఫ్టును చేత్తో దించే చక్రం తిప్పుతాడట. కబుర్లే ముఖ్యం, చక్రం ఎవరైనా తిప్పుతారు అంటాడు. పెళ్ళి చేసుకోలేదు. లిఫ్టు ఎప్పుడాగితే అప్పుడు అన్నం ముందు నుంచైనా లేచిపోయే వాడికి పిల్లనెవరిస్తారని నవ్వేశాడు. ఉన్నది ఒక అక్క, ఆవిడే తల్లీ తండ్రీ. చుక్క ముట్టనివాడు, అయినా లివరు పోయిందనగానే చుట్టాలంతా తాగుబోతు లెక్కలో జమకట్టారు. ఎటూ పేరొచ్చింది, ఒక్కసారైనా తాగి ఉండాల్సింది అంటాడు. ఆమెకు జబ్బు ఎప్పుడో చిన్నతనంలో ఏదో సూదితో ఒంట్లో చేరిన వైరస్ వల్ల వచ్చింది, ఆయనకు ఎందుకొచ్చిందో తేలనే లేదు. ఒకే జబ్బు, ఒకే డాక్టరు, చివరికి ఒకే రక్తం అని తెలిసిన రోజున, పెళ్ళిళ్ళకు కూడా ఇన్ని కలవవండీ అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వి, ఆ మాట ఇంటికి తెచ్చుకుంది. షాపులో లెన్సులు తుడుస్తూ తుడుస్తూ మధ్యలో ఆగిపోయి మళ్ళీ నవ్వుకుంటే, కౌంటరు దగ్గరున్న ఆడపడుచు తలెత్తి చూసి, మళ్ళీ తల దించుకుంది.

స్కేలు డాక్టరమ్మ అన్న పేరు కూడా ఆయన పెట్టిందే. సర్జను ఆవిడ. మాట్లాడినంత సేపూ తెర మీది స్కానులో లివరులోని గడ్డను ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలుస్తూ ఉంటుంది. గడ్డ ఇంత దాటితే లివరు మార్చకూడదని లోకమంతా ఒక హద్దు పెట్టుకుంది, మార్చినా జబ్బు తిరగబెడుతుందని భయం, అడిగేవాళ్ళు వందమంది, వచ్చే లివర్లు పిడికెడు. వీళ్ళిద్దరూ ఆ హద్దుకు అవతల ఉన్నారు. డాక్టరమ్మ చేస్తున్న పరిశోధన సరిగ్గా అక్కడే. హద్దు దాటిన గడ్డను ముందు చిన్నది చేద్దాం, చేసి కొంతకాలం ఆగుదాం, ఆగినప్పుడు కుదురుగా ఉంటే అది నెమ్మదైన జబ్బన్నట్టు, అలాంటి మనిషికి లివరు మారిస్తే హద్దులోపలి వాళ్ళతో సమానంగా బతుకుతాడని నేను అనుకుంటున్నాను, అనుకోవడం వేరు, చూపించడం వేరు, మీరు ఒప్పుకుంటే చూపిద్దాం, అంది. అలా ఒప్పుకున్నారు. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకు రక్తం అందే దారిలో మందు నింపి, దారి మూసేశారు. ఆ తర్వాత రోజంతా వాంతులు, జ్వరం. ఒకే వార్డులో అటు గదిలో ఆయన, ఇటు గదిలో తను, మధ్య గోడ. గోడ మీద వేలితో కొడితే అవతల నుంచి కొట్టేవాడు. ఏమిటా కొట్టడం అని నర్సు కోప్పడితే, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఇలాగే చెయ్యాలమ్మా, లోపల ఎవరో ఉన్నారని తెలియాలి కదా అన్నాడట. ఇద్దరి గడ్డలూ చిన్నవయ్యాయి. ఇద్దరూ హద్దులోపలికి వచ్చారు. డాక్టరమ్మ కొలిచి చెప్పినప్పుడు, పిల్లలు బళ్ళో పాసైనట్టు బయటికొచ్చి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కానీ కిందటి స్కానులో తన గడ్డ అంచున ఒక చిన్న తెల్లని గీత మళ్ళీ మెరిసింది, చచ్చిందనుకున్న గడ్డ మళ్ళీ ప్రాణం పోసుకుంటున్నట్టు. డాక్టరమ్మ దాన్ని కొలవలేదు, వేలితో చూపించి వదిలేసింది. వచ్చే స్కాను వరకు చూద్దాం అంది. ఆ గీత సంగతి ఆమె లిఫ్టుగారికి చెప్పలేదు. వచ్చే స్కానులోపు లివరు రాకపోతే, తను మళ్ళీ హద్దు అవతలికి జరిగిపోతే... వద్దు. అటు వెళ్ళకు. తిరిగిరా.

ఇంకేదైనా. చీకటి గది. షాపు వెనక కళ్ళు చూసే చీకటి గది, ఒక మనిషి, ఒక కుర్చీ, ఎదురుగా వెలిగే అక్షరాలు. ఆయన ఒకరోజు నిజంగానే షాపుకు వచ్చాడు, కొత్త నంబరు కావాలని. గడ్డం చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆడపడుచు కుర్చీ చూపించి, లోపలికి వెళ్ళండి, వదిన చూస్తుంది అంది, అవసరానికి మించి నెమ్మదిగా తలుపు మూసింది. ఆయన ముఖానికి బరువైన ఇనప చట్రం తగిలించి, ఒక్కో అద్దమే మారుస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా అని అడిగింది. ఎన్ని వేలమందిని అడిగి ఉంటుంది ఆ ప్రశ్న. రెండూ బాగున్నాయండీ అన్నాడు. రెండూ బాగుండవండీ, ఏదో ఒకటే బాగుంటుంది, సరిగ్గా చూసి చెప్పండి అంది. మళ్ళీ చూపించండి అన్నాడు. మళ్ళీ చూపించింది. మళ్ళీ రెండూ బాగున్నాయన్నాడు. తమకు ఏది కనబడుతోందో తెలియని ముసలివాళ్ళు ఉంటారు, అబద్ధం చెప్పే పిల్లలు ఉంటారు, కళ్ళజోడు వద్దనేవాళ్ళూ కావాలనేవాళ్ళూ. ఇలాంటి జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. తన ఊపిరి ఆయన చెంపకు తగులుతోందని తెలిసింది. ఆయన కూడా ఊపిరి పట్టి పట్టి వదులుతున్నాడని తెలిసింది. చీకట్లో రెండు అరిగిపోయిన శరీరాలు, రెండు పచ్చని ముఖాలు, ఆ రంగు కూడా కనబడని చీకటి. ఆమె అద్దం మార్చడం ఆపేసి అలాగే నిలబడింది. ఒక్క అడుగు. అంతకన్నా తక్కువ. ఆయన కుర్చీ చేతి మీద ఉన్న చెయ్యి తిప్పి అరచెయ్యి పైకి పెట్టాడు, పెట్టి ఊరుకున్నాడు. దాని మీద తన చెయ్యి పెట్టాలని ఎంత ఉందో. ఇప్పటికీ ఎంత ఉందో. ఈ మంచం మీద, ఈ సూది గుచ్చిన చెయ్యే, అప్పుడు పెట్టని ఆ చెయ్యే, ఊరికే దుప్పటి మీద తెరుచుకుని పడుంది. అప్పుడు ఏమనుకుంది? ముందు ఒళ్ళు బాగుపడనీ అనుకుంది. ముందు ఇద్దరికీ లివర్లు రానీ, ఆ తర్వాత. ఎవరైనా వింటే నవ్వుతారు, ముందు లివరు, తర్వాత ప్రేమ, క్యూలో నిలబెట్టింది.

ల్యాబులో ఎవరో మైక్రోస్కోపులోకి వంగి ఉంటారు. ఆ కన్ను గురించి ఆలోచించింది. ఆ డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని చూస్తాడో తీసి చూస్తాడో. అద్దం మీద వేలి మరక లేదు కదా. రాత్రి నిద్ర సరిగ్గా పోయాడు కదా. నిద్ర లేని కన్నుకు నంబరు మారిపోతుంది, ఆ సంగతి తనకంటే ఎవరికి తెలుసు, పొద్దున చూస్తే ఒకటి, అలిసిపోయాక చూస్తే ఇంకొకటి. ఒక మనిషి ఒంట్లోంచి తీసిన గోరంత ముక్క, అందులో గుండ్రటి కణాలు, మామూలువా కావా. ఇది బాగుందా, ఇది బాగుందా. సరిగ్గా చూసి చెప్పండి. ఇక ఆ వచ్చిన లివరు, అది ఎక్కడో ఒక పెట్టెలో చల్లగా ఉంటుంది, లేదా ఇప్పటికే ఆ గదిలో పక్క బల్ల మీద ఉంటుంది. నిన్నటిదాకా ఒక మనిషిది. ఆ మనిషికి రోజూ పొద్దున్నే ఆకలేసి ఉంటుంది. మొన్న ఎవరితోనో చిన్నదానికి పోట్లాడి ఉంటుంది, లేక ఉంటాడు, ఆడో మగో తెలియదు, చెప్పరు. ఆ ఇంట్లో ఇప్పుడు కళ్ళజోడు ఒకటి టేబులు మీద మిగిలిపోయి ఉంటుందేమో, దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచక. భర్తది ఆమె చాలా కాలం తీయలేదు. ఆఖరికి ఒకరోజు ఫ్రేము అవసరమైన ఒక ముసలాయనకు తన చేత్తోనే కొత్త అద్దాలు వేసి ఇచ్చేసింది. ఆ ముసలాయన అది పెట్టుకుని వీధిలోకి నడిచి వెళుతుంటే షాపు గుమ్మంలో నిలబడి మలుపు తిరిగేదాకా చూసింది. ఆ ఇంటివాళ్ళు కూడా ఇలాగే ఇచ్చి ఉంటారు. ఎవరి ముఖానికి తొడుగుతారో తెలియకుండా ఇచ్చారు. ఆయనకే తొడగాలి. ఆయనకే. తలుపు వైపు చెవి పెట్టుకున్న శరీరం ఈసారి కిక్కురుమనలేదు.

పొద్దున లిఫ్టు దగ్గర మాత్రం ఆమె తప్పించుకోలేకపోయింది. ఆడపడుచు కారు పెట్టే చోటు కోసం తిరుగుతుంటే తను ముందు లోపలికి నడిచి, కింద కౌంటరులో పేరు చెప్పి పట్టీ కట్టించుకుంది. సంచి బరువు, మెట్లు ఎక్కే ఓపిక లేదు, లిఫ్టు మీట నొక్కింది. తలుపులు తెరుచుకునేసరికి లోపల చక్రాల కుర్చీలో ఆయన, వెనక తోసే మనిషి. అక్క కింద ఆఫీసులో కాగితాల దగ్గర ఉండిపోయినట్టుంది. ఒళ్ళో అదే ఇస్త్రీ చొక్కా మడత పెట్టి ఉంది. ఆయన ఆమె ముఖం చూశాడు, చేతిలో సంచి చూశాడు, మణికట్టుకు అప్పటికే కట్టిన ఆస్పత్రి పట్టీ చూశాడు.

“నువ్వూ వచ్చావా?” అన్నాడు.

నువ్వు. ఇన్నాళ్ళ మీరు, గారు, అండీ, అన్నీ ఎక్కడ పడిపోయాయో. దిద్దుకోలేదు కూడా. లిఫ్టు కదిలింది. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది, అబద్ధం దొరికిపోయిన దానిలా, కానీ ఆయన ముఖంలో నింద లేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు కింద చూపు నిలిపి, తర్వాత తలెత్తాడు.

“మంచిదే. నాకు కాకపోతే నీకు. ఎటూ మనింట్లోనే ఉంటుంది.”

తోసే మనిషికి ఏమీ అర్థమై ఉండదు, ఎవరో మొగుడూ పెళ్ళాలనుకుని ఉంటాడు. ఆమె ఏదో ఒకటి అనాలి. వెయ్యి మాటలున్నాయి. తలుపులు తెరుచుకున్నాయి, కుర్చీ బయటికి వెళ్ళింది, ఆమె దిగాల్సింది పై అంతస్తు. మూసుకోబోతున్న తలుపుల మధ్యకు ఆయన వెనక్కి తిరిగి చెయ్యి పెట్టాడు. అవి ఆగి, మళ్ళీ తెరుచుకున్నాయి. జీవితమంతా లిఫ్టుల్ని ఆపిన చెయ్యి, సన్నబడిపోయి, మణికట్టు దగ్గర తన పట్టీలాంటిదే పట్టీ. ఊరికే చూశాడు, ఆమె కూడా చూసింది, అప్పుడు కళ్ళజోడు ఉంది కాబట్టి అంతా స్పష్టంగా కనిపించింది, కనుబొమల్లో నెరిసిన వెంట్రుకలతో సహా. తోసే మనిషి టైమవుతోందండీ అన్నాక చెయ్యి తీశాడు. మింగలేక కక్కలేక ఆ నువ్వుని పెట్టుకుని ఆమె పై అంతస్తుకు వెళ్ళింది. దానికి జవాబు ఇవ్వాలి. ఆయన కళ్ళు తెరవాలి, తెరిచాక తను అక్కడ ఉండాలి, ఉండి, ఆ మాటకు తగ్గ మాట తిరిగి ఇవ్వాలి. అడిగేది ఇంతే. అడిగేది ఇంతేనా? ఆ తర్వాత చీకటి గది కావాలి. ఆకలి కావాలి, ఇద్దరికీ ఒకేసారి ఆకలేయాలి, ఎదురెదురుగా కూర్చుని తినాలి, పని మీద ఆయన మధ్యలో లేచిపోతే కంచం మీద మూత పెట్టాలి. ఆయన వచ్చేదాకా మేలుకుని ఉండాలి. ఇంకా ఎన్ని. ఒకటి అడగబోతే వెనక నుంచి ఇంకొకటి తోసుకుని వస్తోంది.

తెర పక్కకు జరిగింది. ఆకుపచ్చ బట్టల్లో ఒక ఆకారం, నడక చూస్తే ఫోన్ల అమ్మాయి. ముఖం ఉన్న చోట ఒక గోధుమ రంగు మచ్చ, దాని మీద ఏముందో కనబడదు, నవ్వో జాలో. కనబడితే ఒక్క క్షణం ముందే తెలిసిపోయేది. ఆ అమ్మాయి మంచం కమ్మీ పట్టుకుంది. మొదటాయనకు ఆ లింఫు గడ్డలో క్యాన్సర్ ఏమీ లేదమ్మా, వాపు మాత్రమేనట, ఆపరేషన్ ముందుకు వెళుతోంది అని చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఈసారికి మీరు ఇంటికి వెళ్ళొచ్చు, లిస్టులో మీ స్థానం ఎక్కడికీ పోదు అంది. భుజాల మీంచి ఎవరో పెద్ద బరువు దించినట్టూ, చేతిలోది ఎవరో లాక్కుపోయినట్టూ, రెండూ ఒకేసారి అయ్యాయి ఆమెకు. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆ అమ్మాయి నిరాశ అనుకుని చెయ్యి నిమిరింది, ఆమె కాదనలేదు. అందులో అదీ ఉంది మరి. అంచున మెరిసిన ఆ గీత ఎక్కడికీ పోలేదు, వచ్చే స్కాను వస్తూనే ఉంది. కాసేపటికి, నా కళ్ళజోడు ఇప్పించమ్మా అని మాత్రం అడిగింది.

సూది తీసి, దూది పెట్టి, టేపు వేశారు. బట్టలు మార్చుకుని బయటికొస్తే ఆడపడుచు గోడ పక్కన సంచులతో నిలబడి ఉంది, కళ్ళు ఉబ్బిపోయి, ముక్కు ఎర్రబడి, ఎవడో అదృష్టవంతుడు అని గొణుగుతూ. పద వదినా, ఇక్కడింకేముంది మనకు అంది. నువ్వెళ్ళి షాపు తెరువు, నేను కాసేపు కూర్చుని వస్తాను అంది ఆమె. ఆడపడుచు చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది.

“లిఫ్టాయనేనా లోపల?”

ఆమె తలూపింది.

“చెప్పొచ్చుగా వదినా” అంది ఆడపడుచు. తన శాలువా తీసి ఆమె భుజాల మీద వేసి, బ్రెడ్డు పొట్లం చేతిలో పెట్టి, రెండు అడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి శాలువా మెడ దగ్గర సరిగ్గా చుట్టి వెళ్ళింది.

ఆపరేషన్ వాళ్ళ బంధువులు కూర్చునే హాలులో జనం పల్చగా ఉన్నారు. ఎవరో ఫోన్లో నెమ్మదిగా మాట్లాడుతున్నారు, ఒకాయన బూట్లు విప్పి నిద్రపోతున్నాడు. కిటికీ పక్కన కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ పెద్ద సంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. అదే ముక్కు, అవే కనుబొమలు, ఎవరూ చెప్పక్కర్లేదు. సంచిలోంచి ఒక ఇస్త్రీ చొక్కా చెయ్యి బయటికి వేలాడుతోంది. ఆమె వెళ్ళి పక్క కుర్చీ దగ్గర నిలబడింది. పెద్దావిడ సంచి కొంచెం తన వైపు లాక్కుని చోటిచ్చింది, ఇచ్చి, ఇలాంటి చోట్ల అందరూ అడిగే మాటే అడిగింది, మీవాళ్ళెవరున్నారమ్మా లోపల అని. మీ తమ్ముడేనండీ అంది ఆమె. పెద్దావిడ తిరిగి చూసింది. పచ్చబడిన కళ్ళు చూసింది, వాచిన పాదాలు చూసింది, చేతి మీది దూది చూసింది.

“మావాడికి వరసకి ఏమవుతావు?”

ఆమె వెతికింది. భాషలో ఎన్ని వరసలు, అత్తకూ మామకూ వదినకూ మరదలికీ తోడికోడలికీ ఒక్కో మాట ఉంది, దీనికి మాత్రం లేదు. ఉన్నదే చెప్పింది.

“వరసలో ఆయన వెనకాలే ఉన్నానండీ.”

అర్థం కావడానికి పెద్దావిడకు కొంతసేపు పట్టింది. అయ్యాక ముఖం ఒకసారి గట్టిపడింది, తమ్ముడు పోవాలని పక్క గదిలో ఎదురుచూసిన మనిషా ఈవిడ అన్నట్టు. ఆ చూపును ఆమె భరించింది. చూపు నెమ్మదిగా మారింది. ఎందుకు మారిందో ఆమెకు తెలియదు, తన ముఖంలో ఆవిడకు ఏం కనబడిందో. దూది ఊడిపోతోంది, నొక్కి పట్టుకో అంది పెద్దావిడ. ఊరుకోకుండా తనే బొటనవేలితో నొక్కి పట్టుకుంది. అలా పట్టుకునే తమ్ముడి చిన్నప్పటి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది, చెట్లెక్కడం, గడియారాలు విప్పి మళ్ళీ కట్టలేకపోవడం, ఏడాది నుంచి క్లినిక్కుకు వెళ్ళే రోజున మాత్రం అద్దం ముందు అంతసేపు ఎందుకు నిలబడేవాడో తనకు అంతుచిక్కకపోవడం. ఆ మాట దగ్గర ఆగి, ఇటు తిరిగి ఇంకోసారి చూసింది. ఆమె బ్రెడ్డు పొట్లం విప్పి సగం ఆవిడకిచ్చింది. తను ఒక ముక్క నోట్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం ఎండ హాలు సగానికి వచ్చాక తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది. తల మీద టోపీ, ముక్కు మీద మాస్కు అదిమిన గుర్తు, ముఖం వాడిపోయి ఉంది. పక్క పక్కన కూర్చున్న ఇద్దరినీ చూసి ఒక్క క్షణం తటపటాయించింది. బాగా జరిగింది, కొత్త లివరుకు రక్తం వదలగానే రంగు తిరిగింది, అప్పుడే పైత్యరసం కూడా ఊరుతోంది అని చెప్పింది. ఆ హద్దు అవతల నుంచి ఒక మనిషిని ఇవతలికి తెచ్చుకున్న గొంతు అది. పెద్దావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. అందుకని ఆమే అడిగింది, ఎప్పుడు చూడొచ్చని. రేపు పొద్దున తెలివొస్తుంది, ఐసీయూలోకి ఒక్కరినే పంపుతాం, ఇంటి మనిషిని, అంది డాక్టరమ్మ. ఎవరొస్తారని అడుగుతూ పెద్దావిడ వైపు చూసింది.

పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు సర్దుకుంది.

“నాకు చూపు ఆనదు డాక్టరమ్మా. ఈవిడ చూసొచ్చి నాకు చెబుతుంది.”

ఆవిడ చూపుకు ఏ లోటూ లేదు. ఆ కళ్ళజోడు కొత్తది, నంబరు సరిగ్గా కుదిరింది, ఆ సంగతి ఆమెకు పక్కన కూర్చున్న క్షణంలోనే తెలుసు. సరేనండీ అంది.